ఉప్పు కంపెనీ చరిత్ర రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

స్విట్జర్లాండ్ ఉప్పు సంస్థ మీద నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. సంవత్సరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయితే 1836లో ఉప్పు దొరికింది, 1837లో ఉత్పత్తి మొదలైంది, 1909లో రైన్ నది ఒడ్డు కర్మాగారాలు ఒక్కటయ్యాయి, 2014లో బే అనే ఊరి ఉప్పు గనుల సంస్థ కూడా వాటితో కలిసింది అని వరస పెట్టి చెప్పుకుంటూ పోయావు తప్ప, ఇవన్నీ ఎందుకు జరిగాయన్న ప్రశ్న ఒక్కచోటా వేసుకోలేదు. వ్యాపార సంస్థ చరిత్ర రాయదలచినవారు మొట్టమొదట తేల్చుకోవలసింది ఆ సంస్థ ఎవరిది, దాని సరుకు కొనేది ఎవరు అన్న సంగతి. నీ వ్యాసంలో అది చివరి పేజీలో, అదీ ఒక్క వాక్యంలో ఉంది. దేశంలోని 26 కాంటన్లు, అంటే మన రాష్ట్రాల వంటివి, పక్కనున్న లీక్టెన్‌స్టయిన్ రాజ్యం కలిసి ఈ కంపెనీకి యజమానులు. ఉప్పు అమ్మే హక్కు అక్కడ శతాబ్దాలుగా ప్రభుత్వాలదే. ఈ మాట మొదటి పేజీలోకి రావాలి, ఎందుకంటే తర్వాతి కథంతా దీని మీదే ఆధారపడి ఉంది.

మన పాఠకులకు ఉప్పు అంటే నౌపడ మడులు, చినగంజాం మడులు, ఎండ, సముద్రం. సముద్రమే లేని దేశానికి ఉప్పు ఎక్కడిదని వారికి సందేహం వస్తుంది. దానికి నువ్వు జవాబు చెప్పాలి. చాలాకాలం ఆ కాంటన్లు ఫ్రాన్స్ నుంచి, జర్మన్ రాజ్యాల నుంచి, ఆస్ట్రియా నుంచి ఉప్పు కొనుక్కునేవి. తమ సైన్యంలోకి స్విస్ యువకులను తీసుకునే ఒడంబడికల్లో ఫ్రెంచి రాజులు ఉప్పు సరఫరాను కూడా చేర్చేవారు. ఇది చెప్పిన తర్వాతే కార్ల్ క్రిస్టియన్ ఫ్రీడ్రిష్ గ్లెంక్‌ను ప్రవేశపెట్టు. జర్మనీలోని ష్వేబిష్ హాల్‌లో పుట్టిన ఈ గనుల నిపుణుడు స్విట్జర్లాండ్‌లో ఏళ్ల తరబడి చోటు మార్చి చోట బోర్లు వేయించి విఫలమయ్యాడు. చివరికి 1836లో బేసెల్ దగ్గర ప్రాట్టెల్న్ వద్ద సుమారు 107 మీటర్ల లోతున ఉప్పు పొర తగిలింది. ఆయన పట్టుదలను పొగుడుతూ నువ్వు రాసిన పేరా తీసెయ్యి. ఉప్పు కోసం పొరుగు రాజుల దయ మీద బతికిన దేశానికి ఆ పొర ఎంత అవసరమో పాఠకుడికి తెలిస్తే చాలు, పొగడ్త అక్కరలేదు.

ఉప్పు తీసే పద్ధతి దగ్గర మాత్రం తొందరపడకు. బోరులోంచి నీటిని ఉప్పు పొరలోకి పంపుతారు. అక్కడ ఉప్పు కరిగి, లీటరుకు 300 గ్రాములకు పైగా ఉప్పున్న చిక్కటి నీరుగా పైకి వస్తుంది. సున్నం, సోడా కలిపి అందులోని కాల్షియం, మెగ్నీషియం విరిగి అడుగున దిగేలా చేస్తారు. తేరిన నీటిని మూసి ఉన్న పెద్ద పాత్రల్లో మరిగిస్తే ఉప్పు పలుకులు కడతాయి. పైకి లేచిన ఆవిరిని వదిలెయ్యకుండా ఒత్తిడి పెంచి, మరింత వేడెక్కించి, అదే పాత్రను కాచడానికి తిరిగి వాడతారు. పాల్ పికార్ అనే ఇంజినీరు 1870లలోనే బే కర్మాగారంలో ఈ ఉపాయాన్ని అమలు చేశాడు. ఉప్పు ధరలో పెద్ద వాటా నీటిని ఆవిరి చేసే ఖర్చుదే కాబట్టి, ఆ ఒక్క యంత్రం గురించి నువ్వు రాసే నాలుగు వాక్యాలు లాభనష్టాల పట్టికల కన్నా ఎక్కువ చెబుతాయి.

ఇక నన్ను అన్నిటికన్నా బాధపెట్టినది, అయోడిన్ సంగతిని నువ్వు ఒక్క వాక్యంతో దాటెయ్యడం. ఆల్ప్స్ లోయల నేలలో అయోడిన్ తక్కువ. అందువల్ల తరతరాలుగా అక్కడి పిల్లలకు గొంతు కింద గలగండం వచ్చేది. కొందరు చెవిటివారుగా, బుద్ధి ఎదగనివారుగా పుట్టేవారు. 1918లో ఒట్టో బయార్డ్ అనే వైద్యుడు గ్రెఖెన్ అనే కొండ పల్లెలో కొన్ని కుటుంబాలకు అతి తక్కువ మోతాదులో అయోడైడ్ అనే అయోడిన్ లవణం కలిపిన ఉప్పు ఇచ్చి ఫలితం చూశాడు. హెరిసావులో శస్త్రవైద్యుడైన హన్స్ ఎగ్గెన్‌బెర్గర్ పట్టుబట్టడంతో 1922లో అపెన్‌జెల్ ఔసర్‌రోడన్ కాంటన్ అలాంటి ఉప్పును అమ్మకానికి పెట్టింది. అదే ఏడాది, 1909లో ఒక్కటైన ఆ రైన్ ఉప్పు సంస్థ దాని తయారీకి దిగింది. మొదట్లో కిలోకు కలిపింది 3.75 మిల్లీగ్రాములే, 2014 నుంచి అది 25. ఇప్పుడు మొదటి పేజీకి తిరిగి వెళ్లు. దేశంలోని ఉప్పులో అత్యధిక భాగం ఒకే సంస్థ నుంచి వెళుతోంది, ఆ సంస్థ ప్రభుత్వాలది, కాబట్టే ఒక వైద్యుడి ప్రయోగం కొద్దికాలంలోనే లక్షల వంటిళ్లకు చేరగలిగింది. అయోడిన్ ఉప్పు కొనాలా వద్దా అన్నది ప్రజల ఇష్టానికే వదిలారని కూడా రాయి. ఈ రోజు మన ఇళ్లలోని ఉప్పు ప్యాకెట్ మీద అయోడిన్ పేరు ఉంది కనుక తెలుగు పాఠకుడికి ఇది పరాయి కథ కాదు.

ప్రభుత్వ గుత్తాధిపత్యం అనగానే మనవారికి 1930 నాటి ఉప్పు సత్యాగ్రహం గుర్తొస్తుంది. రావడం సహజమే. కాంటన్ల పాలకులు కూడా ఉప్పు మీద ఖజానా నింపుకున్నారు, ఆ మాట దాచవద్దు. కానీ పరాయి పాలకుడు వేసిన పన్నుకూ, ఓటర్లకు జవాబు చెప్పుకోవలసిన కాంటన్ హక్కుకూ ఉన్న తేడాను స్పష్టంగా చూపించు.

వర్తమానం మీద నీ భాగం చాలా పలచగా ఉంది. ఈనాడు ఆ ఉప్పులో వంటకు పోయేది కొద్దిగానే. మంచు పడినప్పుడు అది కరిగేలా రోడ్ల మీద చల్లడానికే చాలా భాగం పోతుంది. చలి ఎక్కువైన ఏడు గిరాకీ ఒక్కసారిగా పెరుగుతుంది, తక్కువైన ఏడు సరుకు మిగిలిపోతుంది. అందుకే సంస్థ కర్మాగారం ఉన్న రీబుర్గ్‌లో చెక్కతో గోపురాల వంటి కొఠార్లు కట్టారు. 2012లో కట్టిన రెండోదాని వ్యాసం 120 మీటర్లు, అందులో లక్ష టన్నులకు పైగా ఉప్పు పడుతుంది. ముట్టెన్జ్ దగ్గర రూటిహార్డ్ అనే పచ్చని ప్రాంతం కింద ఉప్పు తీయాలని సంస్థ తలపెట్టినప్పుడు స్థానికులు గట్టిగా వ్యతిరేకించారు, సంస్థ ఒక తరం పాటు ఆ ఆలోచన మానుకుంది. యజమానులు ప్రభుత్వాలే అయినప్పుడు ఊరివారి అభ్యంతరానికి ఎంత బలం ఉంటుందో ఆ ఘట్టంలో తెలుస్తుంది. ఆ భాగాన్ని ఊరివారి వాదన, సంస్థ వాదన రెండూ ఇచ్చి కొత్తగా రాయి. అది పూర్తయ్యాక మొదటి పేజీతో కలిపి పంపించు. మిగతాది తర్వాత చూద్దాం.