మృగం, పశువు, మధ్యలో ‘నుంచి’

సందేహం: “వన్యమృగాల నుంచి పశువులకు వ్యాధి సంక్రమించినట్లు జన్యుపరీక్షలు తేల్చాయి” అని ఒక వార్తలో చదివాను. మృగమంటేనే అడవిది కదా, ‘వన్యమృగం’ పునరుక్తి కాదా? అసలు మృగానికీ పశువుకూ తేడా ఏమిటి?

సమాధానం: మీరు మృగం దగ్గర ఆగారు. నన్ను ఆపింది ‘నుంచి’. ముందు మృగం సంగతి చూద్దాం.

సంస్కృత క్రియామూలాల పట్టిక అయిన ధాతుపాఠంలో ‘మృగ అన్వేషణే’ అని ఉంది. మృగ్ అంటే వెదకడం. వెదకబడేది, వేటాడబడేది మృగం. ఆ వేట మృగయ. ముందు మృగం పుట్టి, దాని నుంచే ‘వెదుకు’ అనే క్రియ వచ్చిందనే భాషావేత్తలూ ఉన్నారు. ఏది ముందైనా మృగానికీ జాడ తీయడానికీ చుట్టరికం పాతదే. ఋగ్వేదంలో ‘మహిషో మృగాణామ్’ అన్నారు. మహిషం అప్పటికి మృగం. అదే మహిషాన్ని కట్టుకొయ్య దగ్గర చూసి మనం పశువంటాం. ఇంకో విశేషం: ఈ మాటకు ఇరాన్ వైపు ఉన్న తోబుట్టువు పక్షి అయింది. పారశీకంలో ‘ముర్గ్’ అంటే పక్షి. ఉర్దూవారి ‘ముర్గీ’, అంటే మన కోడి, అక్కడి నుంచే వచ్చింది. ఒకచోట పులినీ లేడినీ చెప్పిన మాట మరోచోట పెంపుడు కోడి దాకా నడిచింది! మనకు మాత్రం పక్షి మృగం కాదు. అందుకే అడవి బాతుల నుంచి కోళ్ళకు ఫ్లూ వచ్చిందని రాయాల్సినచోట ‘వన్యమృగం’ పనికిరాదు, ‘వన్యప్రాణి’ కావాలి.

పశువు అంటే కట్టివేయబడేది అని ఒక వ్యుత్పత్తి. తెలుగులో పసులు, పసులకాపరి దీని బిడ్డలే. అయితే పశువంటే ఊరిదే అనుకోకండి. పురుషసూక్తం ‘ఆరణ్యాన్ గ్రామ్యాశ్చ యే’ అని అడవి పశువులనూ ఊరి పశువులనూ ఒకే పాదంలో చెప్పింది.

ఇక ‘వన్యమృగం’. మృగానికి లేడి అనే ఇరుకు అర్థం కూడా స్థిరపడింది కనక ‘వన్య’ చేరిస్తే కొంత స్పష్టత వస్తుంది. తప్పని కొట్టివేయను, నేనైతే రాయను.

‘నుంచి’ విషయంలో మాత్రం నేను మెత్తబడలేను. అది దిక్కు చెప్పే విభక్తి. తడి నేల మీద అడుగు కనిపిస్తే, వేలు ఎటు తిరిగి ఉందో చూశాకే వేటగాడు అటు వెళ్ళిందంటాడు. జన్యుశాస్త్రంతో జాడ తీసేవారి కష్టమూ అక్కడే ఉంది. సూక్ష్మజీవి తనకు తాను నకలు తీసుకునేటప్పుడు దాని జన్యుక్రమమనే పొడవాటి రాతలో ఎక్కడో ఒక అక్షరం మారుతుంది. ఆ మార్పు దాని సంతానానికి వెళుతుంది. ఆవులోనూ అడవి జంతువులోనూ దొరికినవాటిలో ఉమ్మడి మార్పులు చూస్తే ఏవి దగ్గరి చుట్టాలో తెలుస్తుంది. ఎవరు ఎవరికి అంటించారో అంతమాత్రాన తెలియదు. ఆవుల్లో క్షయ తెచ్చే మైకోబాక్టీరియం బోవిస్ జన్యుక్రమంలో సుమారు 43 లక్షల అక్షరాలుంటే, సగటున ఏడాదికి ఒక్కటైనా మారదు. బ్రిటన్‌లో బొరియల్లో ఉండే బ్యాడ్జర్ అనే అడవి జంతువులో దొరికిన సూక్ష్మజీవీ పక్క పొలం ఆవులో దొరికిందీ పొల్లుపోకుండా ఒకటే కావచ్చు. అప్పుడు నమూనాల తేదీలు, చోట్లు కూడా కలిపి లెక్క కట్టాలి. ఒక జాతి నుంచే ఎక్కువ నమూనాలు తీస్తే ఆ లెక్కా ఒరిగిపోతుంది. అక్కడ అలా కట్టి చూస్తే వ్యాధి రెండు వైపులా సోకుతున్నట్టు కనిపించింది.

తొందరపడి ‘నుంచి’ రాస్తే నింద పడేది నోరులేని జంతువు మీద. అమెరికాలో ఎల్లోస్టోన్ అనే జాతీయ వనం దగ్గరి ఈసుడు రోగం, అంటే బ్రూసెల్లోసిస్, సంగతి చూడండి. అది మొదట పెంపుడు ఆవుల నుంచే అడవికి వెళ్ళింది. 1917లో బైసన్‌లలో, అంటే అక్కడి అడవి దున్నలలో, బయటపడింది. తర్వాత ఆవులకు తిరిగి సోకితే వేలు బైసన్‌ల వైపే చూపారు. 2016లో వెలువడిన జన్యుక్రమ అధ్యయనం, ఇటీవల ఆవులకు వచ్చింది ఎల్క్ అనే దుప్పుల వైపు నుంచని చూపింది. ఇరుకు అర్థంలో తీసుకుంటే, ఇక్కడ మృగం నుంచే వచ్చింది.

‘సంక్రమించు’ మంచి మాటే. ఒకచోటి నుంచి మరోచోటికి అడుగు వేయడం. ‘అంటు’, ‘సోకు’, ‘తగులు’ మూడూ తాకడమే. ఇన్ని ఉండగా ‘వ్యాధి వ్యాప్తి చెందించబడింది’ అని రాసేవారికి చెవి ఎక్కడుందో నాకు అర్థం కాదు.

మీరు పంపిన వార్తలో పరీక్ష ఎలా చేశారో లేదు కనక అందులో ‘నుంచి’ తప్పని తేల్చి చెప్పను. దిక్కు తేలకపోతే మాత్రం “వన్యప్రాణులకూ పశువులకూ మధ్య వ్యాధి సోకుతున్నట్టు” అని రాయాల్సింది.