మందలో ఈతలు మొదలయ్యే ముందు

చిరంజీవి అల్లుడికి,

సత్తెనపల్లి నుంచి మేనత్త ఆశీర్వదించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం.

మొన్న ఫోన్లో "అత్తా, రెండు గొర్రెలకి పొదుగు దిగింది, రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు" అన్నావు. ఆ భయం మంచిదే నాయనా. నువ్వు ఉద్యోగం మానేసి తాడికొండ పొలంలో దొడ్డి కట్టినప్పుడు మేత గురించీ ధరల గురించీ చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. ఈతల గురించి ఎవరూ చెప్పి ఉండరు. మన ఇళ్లలో మగవాళ్లు మందని తోలుకుపోతారు, ఈనిన గొర్రెలూ పిల్లలూ ఇంటి దగ్గర ఆడవాళ్ల చేతుల్లో ఉంటాయి. కాపురానికి వచ్చిన నాటి నుంచి నా పని అదే. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. ఒకటికి రెండుసార్లు చదువుకో.

ఈ నెలన్నర నీ పెద్ద పని చూడటమే. మాటిమాటికి చెయ్యి పెట్టేవాడి దొడ్డిలో కన్నా, మాటిమాటికి వచ్చి నిలబడి చూసిపోయేవాడి దొడ్డిలో ఎక్కువ పిల్లలు బతుకుతాయి. తొంభై పాళ్లు గొర్రె పని గొర్రే చేసుకుంటది. మిగిలిన చోట్ల మనం ఆ నిమిషానికి అక్కడ ఉన్నామా లేదా అన్నదే లెక్క.

తొలకరి పడ్డాక జూన్‌లో పొట్టేళ్లని కలిపావు. గొర్రె చూడి ఐదు నెలలు, 145 నుంచి 155 రోజుల లోపు ఈనుద్ది. అంటే కార్తీకం నుంచి మార్గశిరం దాకా వరసగా వస్తాయి. సరిగ్గా అవే తుపాను రోజులు, ఆ వెంటనే మంచు. నీ దగ్గరున్నవి నెల్లూరు జోడిపి, కొన్ని మాచర్ల గొర్రెలు. ఇవి మన ఎండలకి తట్టుకునే జాతులు, ఒంటి మీద ఉన్ని ఉండదు. పుట్టిన పిల్ల తడిసి, దానికి చలిగాలి తగిలిందంటే గంటలో నీలుక్కుపోద్ది. 2023లో డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది గుర్తుందిగా? అట్టాంటి వారం నీ మందలో ఈతల మధ్యలో పడిందనుకొని ఇప్పుడే సర్దుకో. గాలీ జల్లూ కొట్టే వైపులకి పరదాలు కట్టు, పైకప్పు కింద గాలి ఆడే సందు మాత్రం వదులు. మీది నల్లరేగడి, తడిస్తే బంక. దొడ్డిలో ఒక మూల మట్టి ఎత్తు పోయించి, దాని మీద ఇసుక పరిచి, పొడి వరిగడ్డి వెయ్యి. గడ్డి తడిసిన రోజే తీసి కొత్తది వెయ్యాలి, రేపటికి ఆపొద్దు. అక్కడే వెదురు తడికలతో నాలుగడుగుల అరలు నాలుగైదు కట్టించు. ఈనిన గొర్రె, దాని పిల్ల రెండ్రోజులు ఆ అరలో ఉంటాయి.

ఇక మేత. కడుపులో పిల్ల పెరుగుదల మూడొంతుల్లో రెండొంతులు ఆఖరి నెలన్నరలోనే జరుగుద్ది. ఇప్పటిదాకా బీట్లో ఏం తిన్నా సరిపోయింది, ఇప్పుడు సరిపోదు. పిల్ల పెరిగిన కొద్దీ కడుపులో మేతకి చోటు తగ్గుద్ది, అందుకే కొంచెంలోనే బలం ఉండాలి. గొర్రెకి రోజుకి పావు కిలో దాణా పెట్టు. జొన్నపిండి, కంది పొట్టు, మినప పొట్టు, వేరుశనగ చెక్క, చిటికెడు ఉప్పు, ఖనిజ లవణ మిశ్రమం కలిపితే చాలు. ఒకేసారి పెంచొద్దు, వారం పది రోజుల్లో మెల్లగా ఎక్కించు. మన జాతులు ఎక్కువగా ఒక్క పిల్లనే కంటాయి, కానీ కవలలున్న గొర్రె ఈ నెలలో మేత మానేసి, మంద వెనక పడి, కళ్లు కనపడనట్టు నిలబడిందంటే ఆ పూటే డాక్టర్ని పిలువు. తిండి చాలక తన ఒంటి కొవ్వే కరిగించుకుని విషం చేసుకునే జబ్బు అది, రెండు రోజులు ఆగితే తల్లీ పిల్లా దక్కవు.

చిటుకు రోగం, అంటే బాగున్న గొర్రె ఉన్నట్టుండి పడి చచ్చే పేగుల జబ్బు, దాని టీకా ఈతకి నెల ముందు తల్లికి పడితే, ఆ రక్షణ ముర్రుపాల ద్వారా పిల్లకి వచ్చిద్ది. వేయించకపోతే రేపే రైతు సేవా కేంద్రంలో అడుగు. నట్టల మందు, అదే కడుపులో పురుగుల మందు, మాత్రం డాక్టరు చెప్పిందే పొయ్యాలి. ఆల్బెండజోల్ లాంటివి చూడి తొలి రోజుల్లో పోస్తే పిల్లకి చేటు. కాలవ గట్టున నీళ్లు నిలిచి నత్తలు ఉన్నచోట మేపావంటే కార్జంలో జలగలు చేరతాయి, ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పు, దాని మందు వేరు.

ఈత దగ్గర పడ్డ గొర్రెని ఎట్టా గుర్తుపట్టాలి? తోక మొదట్లో రెండు పక్కలా గుంట పడుద్ది. డొక్క జారుద్ది. మంద నుంచి విడిపోయి ఒక మూల చూసుకుని, ముందుకాలితో నేల గీకి, వాసన చూస్తది. లేస్తది, పడుకుంటది. అప్పుడు నువ్వు దూరంగా కూర్చో. దగ్గరికి పోతే అది లేచి తిరుగుద్ది, నొప్పులు ఆగుతాయి. ఉమ్మనీటి తిత్తి కనపడ్డ టైము చూసి పెట్టుకో. అరగంట నుంచి గంట లోపు పిల్ల బయటపడాలి. ముందు రెండు కాళ్ల గిట్టలు, వాటి మీద ఆనించిన మూతి కనిపిస్తే అంతా సవ్యం. ఒక్క కాలే వచ్చినా, తల వచ్చి కాళ్లు రాకపోయినా, తోక కనిపించినా, గంట దాటినా 1962కి ఫోను చెయ్యి, పశువుల అంబులెన్సు వచ్చిద్ది. ఆ బండి ఇంకో ఊళ్లో ఉండొచ్చు, అందుకని మీ ఊరి పశువైద్యుడి నంబరు గోడ మీద రాసి పెట్టు. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది, గుంటూరు పక్కనే లాం ఫారం, పశువుల పరిశోధన కేంద్రం, ఉంది. ఒక పూట రెండు చోట్లకీ పోయి మనుషుల్ని పరిచయం చేసుకురా. అర్ధరాత్రి పనికొచ్చేది ఆ పరిచయమే.

రెండు కాళ్లూ మూతీ కనపడి, తల్లి అలిసిపోయి పిల్ల ఆగిపోతే నువ్వు సాయం చెయ్యొచ్చు. గోళ్లు తీసి, ఉంగరం తీసి, మోచేతిదాకా సబ్బుతో కడుక్కుని, చేతికి తొడుగు వేసుకో. గొర్రె ముక్కినప్పుడే, కిందికి, దాని వెనక కాళ్ల వైపు లాగాలి. అది ఆగితే నువ్వూ ఆగాలి.

పిల్ల పడగానే మూతి, ముక్కు మీది జిగట తుడువు. ఊపిరి తియ్యకపోతే ముక్కులో గడ్డిపోచ పెట్టి తిప్పు, తుమ్ముద్ది. పక్కటెముకల మీద పొడి గుడ్డతో గట్టిగా రుద్దు. ఆ తర్వాత పిల్లని తల్లి మూతి ముందు పెట్టి నువ్వు వెనక్కి తప్పుకో. తల్లి నాకాలి. నాకితే పిల్ల ఆరుద్ది, రక్తం ఆడుద్ది, తల్లికి తన పిల్ల వాసన పడుద్ది. ఫోటోల కోసం, ముద్దుల కోసం ఆ పావుగంటలో పిల్లని ఎవరూ ఎత్తుకోకూడదు. ఇంట్లో చిన్నపిల్లలకి ముందే చెప్పి ఉంచు. బొడ్డు రెండంగుళాలు ఉంచి మిగతాది కత్తిరించి, టింక్చర్ అయోడిన్‌లో ముంచు. బొడ్డు నుంచి ఎక్కిన చీము వారం తర్వాత కీళ్ల వాపై బయటపడుద్ది, అప్పుడు పిల్ల కుంటుతుంటే కారణం ఎవరికీ గుర్తు రాదు.

ముర్రుపాల గురించి ఎంత చెప్పినా తక్కువే. గొర్రెపిల్లకి తల్లి కడుపులో ఉండగా రోగాల్ని ఆపే శక్తి ఏదీ రాదు, అంతా ఆ మొదటి పాలలోనే ఉంది. పేగులు దాన్ని పీల్చుకునేది కొద్ది గంటలే, రోజు గడిచిందంటే తాగినా ఉత్త పాలతో సమానం. అందుకని గంటలోపు పిల్ల పొట్టలో పాలు పడాలి. ముందు నువ్వు రెండు చన్నులూ ఒక్కోసారి పిండి చూడు, కొనలో మైనం లాంటి బిరడా ఉంటది, అది ఊడాలి. మూడు కిలోల పిల్ల మొదటి రోజు మొత్తం మీద 300 నుంచి 600 మిల్లీలీటర్ల దాకా తాగాలి. లేవలేని పిల్లకి పిండి, పీకతో పట్టు. ఎక్కువ పాలున్న గొర్రె నుంచి కొంచెం పిండి ఫ్రిజ్‌లో గడ్డ కట్టించి దాచుకుంటే తల్లి లేని పిల్లకి అక్కరకొచ్చిద్ది. వాడేటప్పుడు గోరువెచ్చటి నీళ్ల గిన్నెలో పెట్టి కరిగించు. పొయ్యి మీద పెట్టావో, జున్నైపోద్ది, పనికిరాదు.

చల్లబడ్డ పిల్ల నోట్లో వేలు పెట్టి చూడు. నోరు వెచ్చగా ఉండి చీకుతుంటే పాలు పట్టు. నోరు చల్లగా ఉంటే పాలు పట్టొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు తుడిచి, గోనెలో చుట్టి, బల్బు కింద పెట్టి వెచ్చబడనిచ్చి అప్పుడు పట్టు. బల్బు గడ్డికీ గొర్రె మూతికీ అందనంత ఎత్తులో కట్టు.

మాయ కొన్ని గంటల్లో దానంతటదే పడుద్ది. వేలాడుతుంటే లాగొద్దు. పన్నెండు గంటలు దాటితే డాక్టర్ని పిలువు. పడ్డ మాయని లోతుగా గొయ్యి తీసి పూడ్చు, వదిలేస్తే ఆ వాసనకి ఊరకుక్కలు దొడ్డి మరుగుతాయి. కుక్కలు మరిగిన దొడ్డిలో నెల తిరక్కుండా పిల్లలు తగ్గుతాయి.

తొలిచూలు గొర్రెలు కొన్ని పిల్లని చూసి బెదిరి కుమ్ముతాయి. దాన్ని అరలో కట్టేసి, పూటకి నాలుగుసార్లు పట్టుకుని పిల్లకి పాలు తాగించు. రెండు రోజుల్లో చాలావరకు దారికొస్తాయి. తల్లి చచ్చిన పిల్లని, పిల్ల చచ్చిన తల్లికి అలవాటు చెయ్యాలంటే ఆ తల్లి ఉమ్మనీరు ఈ పిల్ల ఒంటికి పూసి పెట్టాలి. వాసన కుదిరితే ఒప్పుకుంటది. బీట్లో ఈనితే పిల్లని చంకనెత్తుకుని నడవొద్దు. ముందుకాళ్లు పట్టుకుని నేలకి దగ్గరగా, తల్లి మూతికి అందేట్టు తీసుకురా. ఎత్తి పట్టావంటే తల్లి దాన్ని పోగొట్టుకున్నాననుకుని ఈనిన చోటికే పరిగెత్తుద్ది.

రోజు ఎట్టా గడవాలో చెప్తా. తెల్లారగట్ల దీపం పట్టుకుని ఒక్కడివే దొడ్డిలో తిరుగు, మందని లేపకుండా. నడుం వంచి, నాలుగు కాళ్లూ దగ్గరికి పెట్టి నిలబడ్డ పిల్ల ఆకలితో ఉన్నట్టు. డొక్క తడిమి చూడు. నిద్రలేపగానే ఒళ్లు విరుచుకున్న పిల్ల బాగున్నట్టు. పొదుగు ఒక పక్క నిండుగా, ఒక పక్క ఖాళీగా ఉంటే ఆ నిండిన చన్ను ఎందుకు తాగట్లేదో చూడు, వేడిగా గట్టిగా ఉందంటే వాపు మొదలైనట్టే. వెనక పసుపు బంక ఎండి అతుక్కుపోయిన పిల్లల్ని వెచ్చటి నీళ్లతో కడుగు. పొద్దెక్కాక తల్లుల్ని దగ్గర్లోనే మేపి మధ్యాహ్నం ఒకసారి తోలుకొచ్చి పాలు తాగించి మళ్లీ వదులు. సాయంత్రం తల్లులు తిరిగొచ్చే వేళ దొడ్డి అంతా అరుపులే. ఆ గోలలో నిలబడి చూడు. ప్రతి పిల్లా తన తల్లి దగ్గరికి చేరాక కూడా ఒంటరిగా అరుస్తున్నది ఏదైనా ఉంటే అదే ఆ రాత్రికి నీ పని. తల్లికీ పిల్లకీ ఒకే అంకె రంగుతో వేసి ఉంచితే ఇది సులువు. రాత్రి పదింటికి ఒకసారి, రెండింటికి ఒకసారి లేవాలి. నువ్వూ కాపరీ వంతులు వేసుకోండి.

కాపరి గురించి ఒక మాట. అతనికి నీ కన్నా ఎక్కువ తెలుసు. ఈ నెలన్నర అతనికి వేళకి వేడన్నం, రాత్రి కాపలాకి మంచి దుప్పటి, చేతిలో నాలుగు రూపాయలు ఎక్కువ ఉండేట్టు చూడు. ఒక గొర్రె సంగతి తేడాగా ఉందని అతను చెబితే నువ్వు చదివిందానితో వాదించకు, పోయి చూడు.

మేత దగ్గర నాలుగు జాగ్రత్తలు. కోసిన జొన్న మోళ్ల మీద పిలకలు లేత పచ్చగా ఊరిస్తాయి, అందులో విషం ఉంటది, మందని దింపొద్దు. వరి కోతల కాలం కదా, కళ్లాల దగ్గర రాలిన వడ్లు మెక్కితే కడుపుబ్బి చస్తాయి. మిరప చేల గట్లు మేపేముందు ఆ రైతుని మందు ఎప్పుడు కొట్టాడో అడుగు. మినుము చల్లిన మాగాణిలోకి మంద పోకుండా చూసుకో, ఊళ్లో మాట పడొద్దు.

నీ భార్యకి నెల తప్పిందని మీ అమ్మ చెప్పింది, మా ఇంట్లో అందరం సంతోషించాం. కానీ అమ్మాయిని ఈతల దగ్గరికి రానీకు. మాయ, ఉమ్మనీరు, ఈసుకుపోయిన (నెల నిండకుండా పడిపోయిన) పిల్లలు, వీటి నుంచి కడుపుతో ఉన్నవాళ్లకి సోకి గర్భం పోయే జబ్బులు ఉన్నాయి. నువ్వు దొడ్డిలో వేసుకున్న బట్టలు విడిగా ఉతుకు, స్నానం చేశాకే ఇంట్లోకి పో. పచ్చిపాలు ఎవరూ తాగొద్దు. మందలో వరసగా రెండు గొర్రెలు ఈసుకుంటే వాటిని వేరు చేసి, డాక్టరుని పిలిచి పరీక్షకి పంపించు. అమ్మాయి సాయం చేస్తానంటే లెక్కల పుస్తకం చేతికివ్వు. ఏ గొర్రె ఎప్పుడు ఈనింది, ఆడా మగా, బరువెంత, పాలు తాగిందా అని ఇంట్లో కూర్చుని రాసుకుంటది. వచ్చే ఏడు ఏ గొర్రెని ఉంచాలో ఏది అమ్మాలో ఆ పుస్తకమే చెబుద్ది. పిల్లని రెండుసార్లు వదిలేసిన గొర్రెని జాలిపడి ఉంచుకోవద్దు.

సంక్రాంతికి బేరగాళ్లు వచ్చి పొట్టేలు పిల్లలు ఇమ్మంటారు. మూడు నెలలు నిండి పాలు మానేదాకా ఇవ్వొద్దు. మూడో వారం నుంచి పిల్లలకి విడిగా కొంచెం దాణా, అవిశాకు పెట్టు. నెల దాటాక నట్టల మందు, మూడు నెలలు నిండాక పారుడు రోగం టీకా, చిటుకు టీకా. ఈ తేదీలన్నీ అమ్మాయి చేత రాయించి, ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపు. తప్పులుంటే చెప్తాను.

మీ అమ్మానాన్నల్ని అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
మీ మేనత్త