ఓటు వేసినందుకు సత్ప్రసాదం మానేయాలా?

ప్రశ్న: పేదల వైద్యం కోసం పాటుపడిన అభ్యర్థికి ఓటేశాను. ఆయన పార్టీ గర్భస్రావాన్ని సమర్థిస్తుంది. అది చావైన పాపమని, అంటే సత్ప్రసాదానికి అనర్హుల్ని చేసే ఘోర పాపమని, మావారు పిల్లల ముందే అంటున్నారు. అందుకే మూడు ఆదివారాలుగా నేను కతోలిక పూజలో ఇచ్చే సత్ప్రసాదం (పవిత్ర అప్పం) తీసుకోవడం లేదు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ఆ పార్టీ విధానం నచ్చి ఓటేశారా, నచ్చకపోయినా వేశారా? ముందు ఇది తేల్చుకోండి. నచ్చే వేసి ఉంటే పాపసంకీర్తనానికి (గురువు ముందు పాపాలు ఒప్పుకోవడానికి) వెళ్లాలి. నచ్చకపోయినా వేశారంటే సంగతి వేరు. అంతకు తగిన బరువైన కారణం ఉంటే అది తప్పు కాకపోవచ్చని 2004లో కార్డినల్ రాట్జింగర్ (తర్వాత పోప్ 16వ బెనెడిక్ట్ అయినవారు) స్పష్టం చేశారు. అయితే ఆ కారణం నిజంగా బరువైనదై ఉండాలి. ప్రాణం విషయం తక్కెడలో ఉన్నప్పుడు మన వీధికి రోడ్డు వేయించాడన్నది తూగదు. మీవారి బాధలో న్యాయం ఉన్నది ఇక్కడే.

కానీ తీర్పు చెప్పడం ఆయన పని కాదు. చావైన పాపం కావాలంటే విషయం గంభీరమైనదై ఉండాలి, తప్పని పూర్తిగా తెలిసి ఉండాలి, ఇష్టపడి చేసి ఉండాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా అది చావైన పాపం కాదు. చివరి రెండూ మీ మనసులోని సంగతులు, పక్కవాళ్లకు కనిపించవు. శ్రీసభ (కతోలిక సంఘం) చట్టం 227వ సూత్రం లౌకిక వ్యవహారాల్లో గృహస్థులకు, అంటే గురువులు కాని మామూలు విశ్వాసులకు, స్వేచ్ఛనిస్తూనే, సొంత అభిప్రాయాన్ని శ్రీసభ బోధగా చెప్పవద్దంటుంది. ఇది మీకూ వర్తిస్తుంది సుమా.

మనస్సాక్షి అంటే మనసుకు తోచింది కాదు, దానికి చదువు చెప్పాలి. శ్రీసభ అధికారిక బోధల గ్రంథమైన సత్యోపదేశంలో 1776 నుంచి 1802 వరకు ఉన్న పేరాలు చదవండి, గంట పట్టదు. ఆ తర్వాత గురువుగారి దగ్గర పాపసంకీర్తనంలో రెండే వాక్యాలు చెప్పండి: "ఫలానా కారణంతో ఓటేశాను. ఆ విధానాన్ని నేను ఒప్పుకోను." పార్టీ పేరు, భర్త మీద ఫిర్యాదు అక్కడ అక్కర్లేదు. గురువుగారు చెప్పింది విని అంతటితో వదిలేయండి. ప్రతి వారం అదే మళ్లీ చెప్పుకుంటే శంక పెరుగుతుందే తప్ప శాంతి రాదు.

ఇంకో పని మిగిలింది, చాలామంది ఇదే మరిచిపోతారు. మీ అభ్యర్థి గెలిచి ఉంటే, ఆ విధానాన్ని వ్యతిరేకిస్తున్నానని ఆయనకు ఉత్తరం రాయండి. అప్పుడే "ఒప్పుకోను" అన్న మాటకు విలువ.

ఇక ఇంట్లో ఓటు మాట పిల్లలు పడుకున్నాకే. జపమాలలో పాలకుల కోసం ప్రార్థించండి, ఏ పార్టీ పేరూ ఎత్తకుండా. ఆ మనవి ఒకరోజు మీవారు, ఒకరోజు మీరు చెప్పండి.