మూడక్షరాల స్వెట్‌షర్ట్ వేసుకునే ముందు

చిట్టితల్లికి,

అత్త ఆశీస్సులు. సొరోరిటీలో, అంటే అమెరికా కాలేజీల్లో గ్రీకు అక్షరాల పేర్లతో ఉండే అమ్మాయిల సంఘంలో, చేరతానని నువ్వన్న దగ్గర్నుంచి మీ నాన్నకి కంటి మీద కునుకు లేదు. నిన్న రాత్రి ఫోన్ చేసి, "అక్కా, అవి పార్టీలు చేసుకునే క్లబ్బులు కదా, నువ్వైనా వద్దని చెప్పు" అన్నాడు. నేను వద్దని చెప్పను. నేనూ చేరినదాన్నే. ఏం చూసి చేరాలో మాత్రం చెప్తాను. ఏడో తరగతి దాకా గుంటూరులో చదివావు కాబట్టి తెలుగులోనే రాస్తున్నా, తీరిగ్గా చదువుకో.

అసలు ఇవి ఎందుకు పుట్టాయో ముందు తెలుసుకో. 1908 జనవరి 15న వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీలో ఎథెల్ హెడ్జ్‌మన్ అనే అమ్మాయి, తోటి విద్యార్థినులతో కలిసి ఆల్ఫా కప్పా ఆల్ఫాని మొదలుపెట్టింది. నల్లజాతి అమ్మాయిలు కాలేజీలో పెట్టుకున్న మొట్టమొదటి గ్రీకు అక్షరాల సంఘం అది. బానిసత్వం పోయి అప్పటికి నలభై మూడేళ్లే. ఐదేళ్ల తర్వాత, 1913 జనవరిలో, అదే క్యాంపస్‌లో 22 మంది అమ్మాయిలు డెల్టా సిగ్మా థీటా పెట్టారు. రెండు నెలలు తిరక్కుండానే, మార్చి 3న, ఆడవాళ్లకి ఓటు హక్కు కావాలని వాషింగ్టన్‌లో జరిగిన పెద్ద ఊరేగింపులో నడిచారు. నల్లజాతి ఆడవాళ్లు వస్తే దక్షిణాది వాళ్లు నొచ్చుకుంటారని నిర్వాహకులే జంకుతున్న రోజులవి. అయినా వెళ్లారు.

నాకు అన్నిటికన్నా గుండెకి హత్తుకున్నది మిసిసిపీ సంగతి. 1935 వేసవిలో ఆల్ఫా కప్పా ఆల్ఫా వాళ్లు, డాక్టర్ డొరతీ ఫెరబీ నాయకత్వంలో, పత్తి చేలల్లో కౌలుకి బతికే నల్లజాతి కుటుంబాలకి వైద్యం చేద్దామని అక్కడికి వెళ్లారు. ఒకచోట క్లినిక్ పెడితే జనం వస్తారనుకున్నారు. భూస్వాములు కూలీలని పొలం దాటి పోనివ్వలేదు. అప్పుడు వీళ్లు మందులూ సామానూ కార్లలో వేసుకుని క్లినిక్‌నే ఆ పొలాల దగ్గరికి తీసుకెళ్లారు. పిల్లలకి మశూచి, డిఫ్తీరియా టీకాలు వేశారు, పళ్లు చూశారు. ఒక్కసారి ఫొటోలు దిగి వచ్చేయలేదమ్మా, 1940ల మొదటి దాకా ఏటా వేసవిలో వెళ్తూనే ఉన్నారు. జీతం లేదు, సెలవులు పెట్టుకుని వెళ్లారు. సిస్టర్‌హుడ్ అన్న మాట ఎవరు వాడినా నాకు ఆ కార్లే గుర్తొస్తాయి.

మన దక్షిణాసియా అమ్మాయిల సొరోరిటీలు చాలా ఆలస్యంగా వచ్చాయి. 1998 చివర్లో కొద్ది వారాల తేడాలో ఆస్టిన్‌లో కప్పా ఫై గామా, హ్యూస్టన్‌లో డెల్టా ఫై ఒమేగా, న్యూయార్క్‌లో సిగ్మా సిగ్మా రో పుట్టాయి. ఇంట్లో ఒక బతుకు, క్యాంపస్‌లో ఇంకో బతుకు బతుకుతున్న పిల్లలకి, రెండూ తెలిసిన మనుషులు కావాల్సి వచ్చింది. నాకూ అందుకే కావాల్సి వచ్చింది. అమ్మ ఆరోగ్యం బాగోలేక ఇండియా వెళ్లాల్సి వచ్చినప్పుడు, నన్ను ఎయిర్‌పోర్టులో దింపి, నా క్లాస్ నోట్సన్నీ రాసిపెట్టింది నా లైన్ సిస్టర్సే, అంటే నాతో పాటు సొరోరిటీలో చేరిన అమ్మాయిలే.

ఒక చేదు సంగతి కూడా చెప్పాలి. నేను చేరిన సంవత్సరం ఒక సీనియర్ మమ్మల్ని రాత్రి మూడింటి దాకా హాల్లో నిలబెట్టి, సభ్యుల పేర్లు వరసగా అప్పజెప్పించుకునేది. తప్పు చెప్తే అందరం మళ్లీ మొదట్నుంచి. మూడో రోజు మాలో ఒక గుజరాతీ అమ్మాయి తన చెప్పులు చేత్తో పట్టుకుని, "నాకు పొద్దున పరీక్ష ఉంది, పడుకుంటాను" అని వెళ్లిపోయింది. ఆమెని ఎవరూ తీసెయ్యలేదు. నేను మాత్రం నిలబడే ఉన్నాను, పొద్దున కెమిస్ట్రీ పేపర్ మీద తల వాల్చి నిద్రపోయాను. ఆ పిల్లతో పాటు లేచి వెళ్లాల్సిందని ఇప్పటికీ బాధపడతాను. కొత్తగా చేరేవాళ్లని అలా వేధించడాన్నే హేజింగ్ అంటారు. నిన్నెవరైనా నిద్ర మానుకోమన్నా, తాగమన్నా, ఇంట్లో చెప్పొద్దన్నా ఆ క్షణమే బయటికి వచ్చేయ్. 2024 డిసెంబరులో అమెరికాలో దీని మీద ఫెడరల్ చట్టం వచ్చింది. హేజింగ్ కేసుల్లో తప్పు తేలిన సంఘాల వివరాలు కాలేజీలు బయటపెట్టాలి. మీ కాలేజీ వెబ్‌సైట్‌లో ఆ రిపోర్టు వెతికి చదువు.

డబ్బు సంగతి సిగ్గుపడకుండా అడుగు. సెమిస్టర్ డ్యూస్, అంటే చందా, ఎంత, సంఘం అక్షరాలుండే కోటుకీ కన్వెన్షన్‌కీ విడిగా ఎంత, కట్టలేకపోతే ఏం చేస్తారు. ఈ ప్రశ్నకి ముఖం చిట్లించుకునే చాప్టర్, అంటే ఆ సంఘం క్యాంపస్ శాఖ, నీకొద్దు. క్రెడిట్ కార్డు మీద మాత్రం గీకకు, తక్కువైతే నన్నడుగు.

అన్నిటికన్నా ముఖ్యం, ఇప్పుడున్న పిల్లలతో కాకుండా పదేళ్ల కిందట చదువైపోయిన వాళ్లతో మాట్లాడు. కిందటి ఏడాది ఏం సేవ చేశారు, ఎన్నిసార్లు వెళ్లారు, ఎవరికి పనికొచ్చింది అని అడుగు. నిన్ను నవ్వుతూ పలకరించిన అమ్మాయిల్ని చూసి ఊరికే మురిసిపోకు, రష్‌లో, అంటే కొత్తవాళ్లని చేర్చుకునే రోజుల్లో, అందరూ నవ్వుతారు.

మీ నాన్నకి నువ్వే చెప్పు, నా చేత చెప్పించకు. మిసిసిపీ కార్ల కథ చెప్పి చూడు, వింటాడు. వాడూ టీచరు కొడుకే.

శుక్రవారం ఇన్ఫో సెషన్ అన్నావు కదా. అవ్వగానే ఫోన్ చెయ్యి, ఎంత రాత్రయినా పర్లేదు.

మీ అత్త