ఒక్క మాటతో కొట్టివేస్తే హైకోర్టు తీర్పు సరైనదని అర్థమా?

మీ భూవివాదంలో వేసిన స్పెషల్ లీవ్ పిటిషన్‌ను (అప్పీలుకు ప్రత్యేక అనుమతి కోరే అర్జీని) సుప్రీంకోర్టు కారణాలు చెప్పకుండా కొట్టివేసిందనీ, అంటే హైకోర్టు తీర్పు సరైనదని తేల్చినట్టేనా అనీ అడిగారు. కాదండీ. రాజ్యాంగంలోని 136వ అధికరణ మనకు అప్పీలు హక్కును ఇవ్వదు. అప్పీలుకు అనుమతించే విచక్షణను న్యాయస్థానానికి ఇస్తుంది. ఆ తొలి దశలో న్యాయమూర్తులు చూసేది న్యాయం ఎవరి పక్షాన ఉందన్నది కాదు, తాము జోక్యం చేసుకోవలసినంత ముఖ్యమైన న్యాయప్రశ్న గానీ తీవ్రమైన అన్యాయం గానీ అందులో ఉందా అన్నది. అందుకే ఏళ్ల తరబడి నడిచిన వ్యాజ్యం కూడా అక్కడ కొద్ది నిమిషాల్లో ముగిసిపోవచ్చు. అది ఎంత బాధ కలిగిస్తుందో అర్థం చేసుకోగలను.

2000లో కున్హయమ్మద్ కేసులో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఈ తేడాను స్పష్టం చేసింది: కారణాలు లేని కొట్టివేతతో హైకోర్టు తీర్పు సుప్రీంకోర్టు ఉత్తర్వులో విలీనం కాదు, అంటే అది విడిగానే నిలిచి ఉంటుంది, కాబట్టి హైకోర్టులోనే పునఃసమీక్ష కోరే దారి మూసుకుపోదు. అయితే రికార్డులో స్పష్టంగా కనిపించే పొరపాటు గానీ, ఎంత శ్రద్ధ పెట్టినా అప్పట్లో దొరకని ఆధారం గానీ చూపాలి; గడువు హైకోర్టు తీర్పు నుంచి 30 రోజులే కనుక జాప్యానికి తగిన కారణం కూడా చెప్పుకోవాలి. ముందుగా ఉత్తర్వు ప్రతిని మీ న్యాయవాదితో కలిసి చదవండి. అందులో ఒక్క వాక్యమైనా కారణంగా రాసి ఉంటే, దానికి మీరు కట్టుబడవలసి ఉంటుంది.