ఫ్యాన్ వేస్తే గది చల్లబడుతుందా?
మనం లేనప్పుడు ఫ్యాన్ వేసి ఉంచితే గది చల్లబడుతుందా అని అడిగారు. చల్లబడదు. పైగా తలుపులు మూసి ఉంటే రవ్వంత వేడెక్కుతుంది. 75 వాట్ల ఫ్యాన్ తాగే కరెంటంతా చివరికి గదిలో వేడిగానే మిగులుతుంది. నమ్మకం కుదరకపోతే ఫ్యాన్ కింద థర్మామీటర్ (జ్వరం చూసేది కాదు) పెట్టండి, అంకె తగ్గదు. దాని బల్బుకి తడిగుడ్డ చుట్టండి, అప్పుడు దిగుతుంది. మన ఒళ్లూ ఆ తడిగుడ్డ లాంటిదే. ఒక గ్రాము చెమట ఆవిరవ్వడానికి సుమారు 2,400 జౌళ్ల వేడి కావాలి, అందులో ఎక్కువ భాగం చర్మం నుంచే పోతుంది. ఒంటి చుట్టూ పేరుకున్న తేమగాలిని ఫ్యాన్ తోసేస్తుంది, అంతే. విశాఖ ఉక్కపోతలో ఫ్యాన్ ఐదులో పెట్టినా చొక్కా తడిసిపోతుందంటే, గాలిలో అప్పటికే తేమ నిండి చెమట సరిగా ఆరదు కాబట్టే. రెంటచింతల ఎండల్లో చిక్కు వేరు: గాలే 45 డిగ్రీలుంటే ఫ్యాన్ ఆ సెగనే మీదికి కొడుతుంది.