విక్టోరియా కాలపు ఇంగ్లండ్‌లో పెళ్లయిన ఆడవాళ్లకు హక్కులేమీ ఉండేవి కావా?

దాదాపు లేవనే చెప్పాలి. పెళ్లయ్యాక చట్టం దృష్టిలో భార్యకు విడిగా ఉనికే లేదు. ఆమె సంపాదన, చేతిలో ఉన్న డబ్బు, చివరికి పిల్లలు కూడా భర్తవే. డబ్బున్న కుటుంబాలు ట్రస్టు పెట్టి కూతురి ఆస్తిని కొంత కాపాడుకునేవి. మిగతావాళ్లకు ఆ దారీ లేదు.

ఇదెంత ఘోరమో ఆ కాలపు రచయిత్రి కారొలైన్ నార్టన్ జీవితం చూస్తే తెలుస్తుంది. భర్త కొట్టేవాడు. 1836లో విడిపోయినప్పుడు ముగ్గురు కొడుకుల్నీ ఆమెకు దూరం చేశాడు. ఆమె రాసి సంపాదించిన సొమ్ము మీదా హక్కు అతనిదే. ఆమె ఊరుకోలేదు, కరపత్రాలు రాసి పోరాడింది. ఏడేళ్లలోపు పిల్లల్ని తమకివ్వమని తల్లులు కోర్టును అడిగే వీలు 1839 చట్టంతో వచ్చింది. కానీ ఆ భర్త పిల్లల్ని స్కాట్లాండ్‌లో ఉంచాడు, అక్కడ ఆ చట్టం చెల్లదు! 1842లో చిన్న కొడుకు గుర్రం మీంచి పడి, ఆ గాయంతో చనిపోయాడు. తల్లి చేరేసరికే ప్రాణం పోయింది.

1857 విడాకుల చట్టంలోనూ అన్యాయమే. భర్తకు భార్య అక్రమ సంబంధం ఒక్కటి రుజువైతే చాలు. భార్య మాత్రం దానితోపాటు హింసో, వదిలేసి వెళ్లడమో కూడా చూపించాలి. ఈ తేడా 1923 దాకా పోలేదు. ఆస్తి హక్కు కాస్త నయం, 1882లో వచ్చింది.